రైస్ మిల్లుకు, క్రషర్‌కు అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానులు, జడ్చర్ల పోలేపల్లి మందుల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద పనిచేసే ఆపరేటర్లు, కంకర క్రషర్ మేస్త్రీలు, పోచంపల్లిలో అద్దకం షెడ్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో 'చట్టం' అని ఉన్నది తప్పనిసరి. 'ప్రమాణం' అని ఉన్నది కొలబద్ద. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

ప్రశ్న: అంతర్జాతీయ ప్రమాణాలు అంటే ఏవి? అంతా ఐఎస్‌ఓనేనా?

కాదు. మూడు వేర్వేరు మూటలకు ఒకే పేరు పెట్టి పిలుస్తున్నాం.

మొదటిది 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ ఒప్పందాలు. ఇవి ప్రభుత్వాలు చేయాల్సిన పనులు చెబుతాయి. పని ప్రదేశ భద్రతకు 1981 నాటి 155వ ఒప్పందం, 2006 నాటి 187వ ఒప్పందం మూలం. రెండోది ఐఎస్‌ఓ, అంటే అంతర్జాతీయ ప్రామాణీకరణ సంస్థ రాసే ప్రమాణాలు. వీటిలో 45001 అనేది భద్రతను ఒక పద్ధతి ప్రకారం నడపడం గురించి. మిగతావి సాంకేతికమైనవి: యంత్రం గార్డు ఎంత దూరంలో ఉండాలో 13857 చెబుతుంది, ఎండ వేడిని ఎలా కొలవాలో 7243 చెబుతుంది, హెచ్చరిక గుర్తులు 7010లో ఉంటాయి. మూడోది రసాయనాల లేబుళ్ల మీద ఉండే ఎర్ర అంచు బొమ్మల పద్ధతి. దాన్ని ఐక్యరాజ్య సమితి 2003లో తెచ్చింది, జీహెచ్‌ఎస్ అంటారు.

చిన్న యూనిట్‌కు రోజువారీగా పనికొచ్చేవి ఆ సాంకేతిక ప్రమాణాలే. కానీ అందరూ అడిగేది 45001 సర్టిఫికెట్ గురించి!

ప్రశ్న: ఐఎల్‌ఓ ఒప్పందాలు మన దేశానికి వర్తిస్తాయా?

2022 జూన్‌లో ఐఎల్‌ఓ సదస్సు సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని మౌలిక హక్కుల్లో చేర్చింది. దాంతో 155, 187 ఒప్పందాలు మౌలిక ఒప్పందాలయ్యాయి. సంతకం చేసినా చేయకపోయినా, సభ్య దేశం అయినందుకే ఆ సూత్రాలను గౌరవించాలి. భారతదేశం మొదటి నుంచీ సభ్య దేశం. పెద్ద పారిశ్రామిక ప్రమాదాలకు సంబంధించిన 174వ ఒప్పందాన్ని 2008లో ఆమోదించింది కూడా.

అయితే మీ గేటు దగ్గరికి వచ్చే ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండేది మన చట్టమే. ఇన్నాళ్లూ అది 1948 ఫ్యాక్టరీల చట్టం. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో అది 20 అయింది, కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. 'మా దగ్గర 15 మందే, మాకేం సంబంధం' అనుకోవద్దు. 10 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలకు కోడ్‌లోని సాధారణ బాధ్యతలు ఉంటాయి. ప్రమాదకరమైన పని అయితే ప్రభుత్వం ఒక్క మనిషి ఉన్న చోటికి కూడా కోడ్‌ను వర్తింపజేయవచ్చు.

ప్రశ్న: ఐఎస్‌ఓ 45001 సర్టిఫికెట్ తప్పనిసరా? ఎవరు ఇస్తారు?

చట్టప్రకారం తప్పనిసరి కాదు. ఎగుమతి కొనుగోలుదారో, పెద్ద కంపెనీ టెండరో అడిగితే తీసుకుంటారు. 2018 మార్చిలో వచ్చిన ఈ ప్రమాణం పాత ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 స్థానంలోకి వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా 18001 సర్టిఫికెట్ ఇస్తామంటే అది చెల్లని కాగితం.

ఐఎస్‌ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణం రాయడం వరకే దాని పని. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు వేరు, ఆ సంస్థలకు గుర్తింపు ఇచ్చేది మన దేశంలో ఎన్ఏబీసీబీ. 'మూడు రోజుల్లో సర్టిఫికెట్, ఆడిట్ అక్కర్లేదు' అని ఫోన్ వస్తే పెట్టేయండి. అసలైన ఆడిట్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట కాగితాలు, సన్నద్ధత చూస్తారు, తర్వాత షెడ్డులోకి వచ్చి పనివాళ్లతో మాట్లాడతారు. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది. ప్రమాణంలోని 5.4 అంశం పనివాళ్లను సంప్రదించాలని, వాళ్లను భాగస్వాములను చేయాలని అడుగుతుంది. ఆడిటర్ హమాలీని పక్కకు పిలిచి 'ఇక్కడ నీకు ఏది భయం?' అని అడిగితే అతను తెల్లమొహం వేస్తాడు. చాలా యూనిట్లు దొరికిపోయేది అక్కడే.

ప్రశ్న: సర్టిఫికెట్ వద్దు, పని మొదలుపెట్టాలి. ఎక్కడ నుంచి?

ఒక నోటుపుస్తకం తీసుకుని, వడ్ల లారీ వచ్చే గేటు నుంచి బియ్యం లారీ వెళ్లే గేటు దాకా నడవండి. మేస్త్రీని, ఫిట్టర్‌ను, ఒక హమాలీని వెంటబెట్టుకోండి. ప్రతి చోటా మూడు మాటలు రాయండి: ఇక్కడ మనిషికి ఏం తగలొచ్చు, ఎందుకు తగులుతుంది, ఇప్పుడు దాన్ని ఆపుతున్నది ఏమిటి. నైట్ షిఫ్టులో ఇంకోసారి నడవండి. పగలు కనిపించే గుంత రాత్రి కనిపించదు.

తర్వాత ప్రతిదానికి పరిష్కారం వెతికేటప్పుడు 45001లో 8.1.2 అంశం చెప్పే వరుస పాటించండి. ముందు ఆ ప్రమాదాన్నే లేకుండా చేయగలమా? లేకపోతే తక్కువ ప్రమాదమున్న దానితో మార్చగలమా? లేకపోతే గార్డు, మూత, దుమ్ము లాగే ఫ్యాను లాంటి ఏర్పాటు? ఆ తర్వాతే నియమాలు, శిక్షణ, బోర్డులు. అన్నిటికీ చివర హెల్మెట్టు, మాస్కు, గ్లౌజులు. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. ముందు హెల్మెట్లు కొని ఫొటో తీస్తారు, షాఫ్టు మాత్రం అలాగే తిరుగుతుంటుంది.

ప్రశ్న: బెల్టుకు జాలి పెట్టాం. సరిపోతుందా?

జాలి కన్ను ఎంత, తిరిగే భాగానికి జాలి ఎంత దూరం అన్నదాని మీద ఉంటుంది. వేలు దూరే కన్ను ఉన్న జాలిని పుల్లీకి ఆనించి పెడితే లాభం లేదు. ఐఎస్‌ఓ 13857 పెద్దవాళ్ల చేతికి ఇచ్చే లెక్క ఇలా ఉంటుంది. చదరపు కన్ను 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటే జాలి కనీసం 15 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 8 నుంచి 10 అయితే 25, 10 నుంచి 12 అయితే 80. 12 దాటి 30 దాకా అయితే 120 మిల్లీమీటర్లు. 30 నుంచి 40 అయితే 200. 40 దాటిందంటే చేయి మొత్తం దూరుతుంది, 850 మిల్లీమీటర్లు కావాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. జాలి బదులు నిలువు కమ్మీలు వెల్డింగ్ చేయిస్తారు. కమ్మీల మధ్య సందు 25 మిల్లీమీటర్లే కదా అనుకుంటారు. అదే 25 చదరపు కన్ను అయితే బొటనవేలి మొదలు దగ్గర చేయి ఆగిపోతుంది, కాబట్టి 120 చాలు. నిలువు సందులో అరచేయి అడ్డంగా తిరిగి భుజం దాకా వెళ్తుంది, కాబట్టి 850 కావాలి. కొలత ఒకటే, ఆకారం వేరు, ఏడు రెట్ల తేడా.

గార్డు ఎందుకు మాయమవుతుందో కూడా చూడాలి. వడ్లను పైకి తోడే ఎలివేటర్ అడుగు బేరింగుకు గ్రీజు పెట్టాలంటే ప్రతిసారీ నాలుగు బోల్టులు విప్పాలి. రెండు వారాలకు రెండు బోల్టులు పోతాయి, నెలకు గార్డు గోడకు ఆనించి ఉంటుంది. ఫిట్టర్‌ను తిట్టి లాభం లేదు. గ్రీజు నిపిల్‌ను చిన్న రాగి గొట్టంతో గార్డు బయటికి తెచ్చేస్తే విప్పాల్సిన అవసరమే ఉండదు. బెల్టు జారుతోందని నడుస్తుండగానే రోజిన్ రుద్దే అలవాటు ఉంటే ఆ రోజే మాన్పించండి. బెల్టు జారిందంటే బిగువు తగ్గింది లేదా లోడు పెరిగింది. మిషన్ ఆపి బిగించాలి.

తౌడు ఊడ్చే ఆడవాళ్ల కొంగు, చున్నీ, మెడలో తువ్వాలు షాఫ్టుకు చుట్టుకోవడం మరో ముప్పు. నడిచే యంత్రం దగ్గర పని చేయాల్సి వస్తే ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకున్న, శిక్షణ పొందిన మనిషే చేయాలని పాత ఫ్యాక్టరీల చట్టం మొదటి నుంచీ చెప్పింది. నున్నగా కనిపించే షాఫ్టు కూడా గుడ్డను లాగుతుంది, దాని మీద కీ-వే, సెట్‌స్క్రూ ఉంటే ఇంకా త్వరగా.

ప్రశ్న: రిపేరు చేసేటప్పుడు ఫ్యూజు పీకి జేబులో పెట్టుకుంటాం. అది చాలదా?

చాలదు. ఇంకొకడు వచ్చి 'కరెంటు రావట్లేదే' అని ఫ్యూజు తీగ చుట్టి పెట్టేస్తాడు. అందుకే తాళం, చీటీ పద్ధతి వచ్చింది.

ముందు మిషన్‌ను మామూలు స్విచ్‌తో ఆపాలి. తర్వాత ప్యానెల్లో కరెంటును పూర్తిగా తెంపే మెయిన్ ఐసొలేటర్ దించాలి. స్టార్టర్ బటన్ ఆపడం లెక్కలోకి రాదు, అది కంట్రోలు తీగను మాత్రమే తెంపుతుంది. ఐసొలేటర్ పిడికి పనిచేసే మనిషి తన సొంత తాళం వేసి, పేరు, ఫోన్ నంబరు, సమయం రాసిన చీటీ కట్టాలి. ముగ్గురు పనిచేస్తే ముగ్గురి తాళాలు ఉండాలి, దానికి ఆరు కన్నాల కొక్కెం మార్కెట్లో దొరుకుతుంది. తాళంచెవి తాళం వేసినవాడి దగ్గరే ఉండాలి, మేస్త్రీ దగ్గర గుత్తిలో కాదు.

ఆ తర్వాత అందరూ మరిచేది: మిగిలి ఉన్న శక్తి. కరెంటు పోయినా బకెట్ ఎలివేటర్‌లో ఒక వైపు బకెట్లు వడ్లతో నిండి ఉంటే బెల్టు వెనక్కి తిరిగి చేతిని నలిపేస్తుంది. కాబట్టి పుల్లీకి అడ్డు కట్ట పెట్టాలి. కెపాసిటర్, ఆవిరి లైను, కంప్రెసర్ గాలి, పైకి లేపి ఉంచిన ట్రాలీ కూడా ఇదే కోవ. చివరగా స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగకపోతేనే చేయి పెట్టాలి. పని అయ్యాక మనుషులను, పానాలను లెక్కపెట్టి, ఎవరి తాళం వాళ్లే తీయాలి.

ప్రశ్న: వడ్లు నానబెట్టే ట్యాంకు, మురుగు సంపు శుభ్రం చేయడానికి మనిషిని దింపవచ్చా?

దింపకుండా చేసే దారి ముందు వెతకండి. పైనుంచి నీళ్ల జెట్టు, పంపు, అడుగున వాల్వు. తప్పనిసరైతే గాలి కొలవకుండా దింపవద్దు. తడి వడ్లు పులిసిన చోట ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటుంది. ఉప్పుడు బియ్యం మిల్లు మురుగు సంపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. దాని కుళ్లిన గుడ్డు వాసన మొదట్లో తెలుస్తుంది, గాఢత 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది. 'వాసన పోయింది, దిగొచ్చు' అనుకోవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. దీపం వెలిగించి దించే పాత పద్ధతీ వద్దు. విష వాయువును అది పట్టదు, మండే వాయువు ఉంటే అదే అంటిస్తుంది.

నాలుగు వాయువుల మీటరుతో పైన, మధ్యన, అడుగున కొలవాలి. ముందు ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. తర్వాత మండే వాయువు కింది పేలుడు హద్దులో (పేలడానికి కావాల్సిన కనీస గాఢతలో) 10 శాతం లోపు, ఆ తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు. బ్లోయర్ గొట్టం అడుగు దాకా వెళ్లాలి. లోపలికి పట్టుకెళ్లే లైటు 24 వోల్టులు దాటకూడదు. మనిషికి హార్నెస్, తాడు, పైన త్రిపాది మీద చేత్తో తిప్పే వించి. పైన ఒక కాపలా మనిషి ఉండాలి, అతనికి వేరే పని చెప్పకూడదు.

లోపలివాడు పడిపోతే పైవాడు దూకకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయి పోయేవాళ్లు చాలామంది. వించి తిప్పి పైకి లాగాలి, 108కు ఫోన్ చేయాలి. అందుకే ఆ వించి ముందే బిగించి ఉండాలి.

ప్రశ్న: ఎలివేటర్ కాలు దగ్గర వెల్డింగ్ చేయించాలి. ఏం చూసుకోవాలి?

ధాన్యపు దుమ్ము మండుతుంది, మూసిన ఎలివేటర్‌లో పేలుతుంది. లోపల, దూలాల మీద, కేబుల్ ట్రేల మీద పేరుకున్నది తుడిచాకే పని మొదలుపెట్టాలి. చుట్టూ 11 మీటర్ల లోపు ఊక, గోనె సంచులు ఉండొద్దు, తీయలేనివి తడిపి కప్పాలి. పని అయ్యాక కనీసం గంటసేపు నీళ్లతో, ఎక్స్‌టింగ్విషర్‌తో ఒకరు అక్కడే ఉండాలి. ఊక లోపల నిప్పు పైకి కనిపించకుండా రాజుకుంటుంది.

ప్రశ్న: క్రషర్ దుమ్ము, పలుగురాయి పొడి ఎంత ప్రమాదం? హద్దు ఎంత?

ఐఎల్‌ఓ లెక్కల ప్రకారం పని వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల్లో పోయేవాళ్లు సుమారు 3 లక్షల 30 వేలు. మిగతా అందరినీ తీసుకెళ్లేది జబ్బులే. వాటిలో మన ప్రాంతానికి దగ్గరిది సిలికోసిస్.

కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది కంటికి కనిపించని సన్న పొడి. అందులోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. వచ్చిన మచ్చ పోదు, పని మానేసినా పెరగవచ్చు. టీబీ పట్టుకునే అవకాశం పెరుగుతుంది, క్యాన్సర్ కారకాల్లో కూడా ఇది మొదటి వర్గంలో ఉంది. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. పలుగురాయి పిండి మిల్లు లాంటి చోట దుమ్ము మరీ ఎక్కువైతే కొన్ని నెలల్లో, కొన్నేళ్లలోనే కమ్మేస్తుంది. దగ్గు, ఆయాసం అనగానే టీబీ మందులు మొదలుపెట్టి, పని ఏమిటని అడగకపోతే జబ్బు పేరే కాగితం మీదకు రాదు.

పాత ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు ఒక చిన్న లెక్క. లోతుకు వెళ్లే దుమ్ములో క్వార్ట్జ్ (స్ఫటిక సిలికా) శాతానికి 2 కలిపి, 10ని దానితో భాగించాలి. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ 28 శాతం ఉందనుకోండి: 10 భాగించు 30, అంటే ఘనమీటరు గాలికి 0.33 మిల్లీగ్రాములు. పలుగురాయిలో 98 శాతం ఉంటే 10 భాగించు 100, అంటే 0.1. అమెరికా చట్టం క్వార్ట్జ్‌కు పెట్టిన హద్దు 0.05, అక్కడి నిపుణుల సంఘం సూచించేది 0.025. మన హద్దు దాటలేదంటే జబ్బు రాదని అర్థం కాదు.

క్రషర్‌లో దుమ్మును పుట్టిన చోటే పట్టాలి: రాయి నలిపే జా నోరు, స్క్రీను, ఒక బెల్టు మీద నుంచి ఇంకో బెల్టు మీదకు రాయి పడే చోటు. అక్కడ సన్న తుంపర నాజిళ్లు, చుట్టూ రేకు, రబ్బరు పరదా. నాజిల్ పెట్టాక నెలకే పనిచేయట్లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ బోరు నీళ్ల ఉప్పే. మన నీళ్ల గట్టిదనానికి నాజిల్ రంధ్రం సున్నం కట్టి మూసుకుంటుంది. నాజిల్ ముందు జల్లెడ ఫిల్టర్ పెట్టి, వారానికోసారి విప్పి పలుచని ఆమ్లంలో నానబెట్టాలి. రెండో జత నాజిళ్లు చేతిలో ఉంచుకోండి.

పలుగురాయి పిండి మిల్లులో నీళ్లు కొట్టలేం, పొడి తడిస్తే అమ్ముడుపోదు. అక్కడ మిషన్ మొత్తం మూసి, లోపలి గాలిని బ్యాగ్ ఫిల్టర్‌లోకి లాగాలి. రేకు సందు దగ్గర అగరుబత్తి పెట్టి చూడండి, పొగ లోపలికి పోవాలి. బయటికి వస్తుంటే బ్యాగు నిండింది, లేదా ఎక్కడో గొట్టం పగిలింది. సంచి నింపే మూతి దగ్గర విడిగా ఒక లాగుడు గొట్టం ఉండాలి, ఎక్కువ దుమ్ము తాగేది అక్కడ నిలబడే మనిషే. ఎండు చీపురుతో ఊడ్చడం, సాయంత్రం కంప్రెసర్ గాలితో ఒళ్లు, బట్టలు దులుపుకోవడం ఆపాలి. పడిన దుమ్మును మళ్లీ లేపి పీల్చడమే అది. పని బట్టలు ఇంటికి తీసుకెళితే పిల్లలూ పీలుస్తారు.

ప్రశ్న: ఏ మాస్కు కొనాలి?

తువ్వాలు, సర్జికల్ మాస్కు సన్న పొడిని ఆపవు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 గుర్తు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎన్95 కనీసం కావాలి. రెండు పట్టీలు ఉండాలి, ఒకటి తల పైభాగాన, ఒకటి మెడ దగ్గర. చెవులకు తగిలించేవి బిగువు నిలవవు. ముక్కు దగ్గర కమ్మీ నొక్కి, రెండు చేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే అతకదు. ఊపిరి బరువైతే, తడిస్తే, లోపలి వైపు దుమ్ము మరక కనిపిస్తే మార్చాలి. పలుగురాయి పిండి మిల్లులో దుమ్ము హద్దుకు ఎన్నో రెట్లు ఉంటే ఈ మాస్కు కూడా చాలదు.

ప్రశ్న: బూట్లు, మాస్కు డబ్బు కూలీలోంచి కోసుకోవచ్చా?

కోయకూడదు. భద్రతా ఏర్పాట్ల ఖర్చు కార్మికుడి మీద పడకూడదని 155వ ఒప్పందం 21వ అధికరణం చెబుతుంది.

ప్రశ్న: హమాలీ ఎంత బరువు మోయవచ్చు?

ఐఎల్‌ఓ 128వ సిఫారసు పెద్ద వయసు మగవాడికి 55 కిలోలను పై హద్దుగా చెప్పింది. ఇది 1967 నాటిది. అమెరికా పని భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కిలోలే. బరువు ఒంటికి దూరమైనకొద్దీ అది తగ్గుతుంది: చేతులు చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 23, 50 సెంటీమీటర్లయితే 11.5. అందుకే అదే బస్తా భుజం మీద ఉన్నప్పటికంటే లారీ అంచు నుంచి చేతులు చాచి లాగేటప్పుడు నడుము పట్టేస్తుంది.

40 కిలోల వడ్ల బస్తా, 50 కిలోల బియ్యం బస్తా రాత్రికి రాత్రి మారవు. మారగలిగింది ఎత్తు. నేల మీద నుంచి ఎత్తించకుండా నడుము ఎత్తు అరుగు మీద నుంచి భుజానికి ఎత్తించండి. దొంతి ఎక్కడానికి పలక మెట్ల బదులు కదిలే కన్వేయరు పెట్టండి. దొంతిని అడ్డం, నిలువు మార్చి అల్లాలి. కింది వరుసలోంచి బస్తా లాగితే దొంతి మీద పడుతుంది. ఒక్కో బస్తాకు ఇంత అని కూలీ ఇచ్చే చోట మనిషి విశ్రాంతి తీసుకోడు, కాబట్టి విరామాన్ని కూలీ లెక్కలోనే కలపాలి.

ప్రశ్న: మే నెలలో పని ఎలా నడపాలి?

నల్లగొండ ఎండలు ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ 'ఈ రోజు 44 డిగ్రీలు' అన్న ఒక్క అంకె చాలదు. గాలిలో తేమ, రేకు నుంచి దిగే వేడి, గాలి వీచడం అన్నీ కలిపిన కొలత డబ్ల్యూబీజీటీ. ఐఎస్‌ఓ 7243 ప్రకారం వేడికి అలవాటు పడిన మనిషికి మధ్యరకం పనికి 28, బస్తాలు మోయడం, పార పని లాంటి బరువు పనికి 26 డిగ్రీలు. అలవాటు లేనివాడికి అవే 26, 23. హద్దు దాటితే పని, విరామం నిష్పత్తి మార్చాలి.

కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఎండలో ఇవ్వండి, రోజుకు ఐదో వంతు చొప్పున పెంచండి. వడదెబ్బ ఎక్కువగా తగిలేది మొదటి వారంలోనే. ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు, గంటకు లీటరున్నర దాటకుండా. ఆ నీళ్లు ఏవో కూడా చూడాలి. మన బోర్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. త్రాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. ఎండలో రెండింతలు తాగే మనిషి ఫ్లోరైడ్ కూడా రెండింతలు తాగుతాడు. భగీరథ నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో పెట్టండి.

మాట తడబడటం, తిక్కగా ప్రవర్తించడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. ముందు ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి, ఆ పని నడుస్తుండగానే 108 పిలవాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయవద్దు.

ప్రశ్న: శబ్దం?

మన నియమాల్లో 8 గంటలకు 90 డెసిబెల్స్, నియోష్ హద్దు 85. మీటరు లేకపోతే, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి అరిచి చెప్పాల్సి వస్తే 85 దాటినట్టే. చెవి పోగొట్టుకున్నాక తిరిగి రాదు.

ప్రశ్న: రసాయనాల డబ్బా మీద బొమ్మలు ఎలా చదవాలి?

ఎర్ర అంచు వజ్రాకారంలో తొమ్మిది బొమ్మలుంటాయి. మంట అంటే మండేది, చేతి మీద కారే చుక్క అంటే కాల్చేది, పుర్రె అంటే వెంటనే చంపగలది. ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి అంటే నెమ్మదిగా లోపల దెబ్బతీసేది. చాలామంది పుర్రెకు భయపడి ఈ చివరిదాన్ని పట్టించుకోరు. డబ్బాతో వచ్చే భద్రతా పత్రంలో ఎప్పుడూ 16 భాగాలుంటాయి. పనివాడికి 4, 7, 8, 10 ముందు కావాలి: ప్రథమ చికిత్స, నిల్వ, రక్షణ సామగ్రి, దేనితో కలపకూడదు. ఆ నాలుగింటిని తెలుగులో, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే ఆ భాషల్లో ఒక పేజీకి కుదించి అక్కడే అతికించండి.

అద్దకం షెడ్లలో వాడే హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి) గురించి విడిగా చెప్పాలి. దాని మీద కొద్దిగా నీళ్లు పడితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది, ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది. తడి చేత్తో, తడి గరిటెతో తీయడం, మూత సగం తెరిచి వదలడం వల్ల జరిగేది ఇదే. గరిటె ఎప్పుడూ పొడిగా, డబ్బా నేలకు ఎత్తులో, కాస్టిక్ తొట్టికి దూరంగా ఉండాలి.

మందుల ఫ్యాక్టరీల్లో టోలుయిన్ లాంటి ద్రావకం డ్రమ్ములోంచి పోసేటప్పుడు స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టిస్తుంది. ఎర్తింగ్ క్లిప్పు పెయింటు మీద పెడితే పెట్టనట్టే. గీకి ఇనుము కనిపించే చోట బిగించాలి, కొలిస్తే 10 ఓమ్‌ల లోపు రావాలి.

ప్రశ్న: ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు ఉందా?

ప్రాణానికి వెంటనే ముప్పు ఉందని నమ్మడానికి సరైన కారణం ఉండి పక్కకు తప్పుకున్న కార్మికుడిని శిక్షించకూడదని 155వ ఒప్పందం 13వ అధికరణం చెబుతుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ కింద ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు ఉన్న హక్కు కొత్త కోడ్ 14వ సెక్షన్‌లో కూడా ఉంది: ముప్పును యాజమాన్యం దృష్టికి, సేఫ్టీ కమిటీ ద్వారా తేవచ్చు, ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చు. చెప్పిన మాట, తేదీ, సమయం రాతలో ఉంచుకోండి. వాట్సాప్ ఫొటో కూడా రాతే.

ప్రశ్న: కాంట్రాక్టు, వలస కూలీల బాధ్యత ఎవరిది?

ఒకే చోట రెండు సంస్థలు పనిచేస్తే భద్రతలో కలిసి నడవాలని 155వ ఒప్పందం 17వ అధికరణం. 'అతను కాంట్రాక్టర్ మనిషి' అనే మాట యజమానిని తప్పించదు. దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు కూలీల జిల్లాకు ఇప్పుడు బిహార్, ఒడిశా నుంచి మనుషులు వస్తున్నారు. పనిలో చేరిన రోజు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి, ఎన్నాళ్లు ఏ మిషన్ మీద పనిచేశాడో రాసిచ్చే కాగితం అతనికి ఇవ్వాలి. ఎనిమిదేళ్ల తర్వాత సొంత ఊళ్లో సిలికోసిస్ బయటపడితే పరిహారం అడగడానికి ఆ కాగితమే దిక్కు. పాత ఈఎస్‌ఐ చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా చేర్చారు. 10 మంది లేదా అంతకు మించి ఉన్న చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లను ఈఎస్‌ఐలో చేర్చాలి.

ప్రశ్న: టెండర్‌లో ప్రమాదాల రేటు అడిగారు. ఎలా లెక్కించాలి?

ఐఎస్ 3786 ప్రకారం పని పోగొట్టిన గాయాల సంఖ్యను పది లక్షలతో గుణించి, మొత్తం పని గంటలతో భాగించాలి. 60 మంది, రోజుకు 8 గంటలు, 300 రోజులు: 1,44,000 గంటలు. రెండు గాయాలైతే రేటు 13.9. అమెరికా పద్ధతిలో పది లక్షల బదులు 2 లక్షలు వాడతారు, అదే యూనిట్‌కు 2.78 వస్తుంది. కాబట్టి టెండర్‌లో ఏ పద్ధతో చూడకుండా అంకె రాయవద్దు. కాంట్రాక్టు మనుషుల గంటలు, గాయాలు రెండూ కలపాలి. గంటలు కలిపి గాయాలు వదిలేస్తే అది దొంగలెక్క.

ప్రశ్న: ప్రమాదం జరిగింది. మొదటి రోజు ఏం చేయాలి?

మనిషిని ఆసుపత్రికి చేర్చాక, ఆ చోటును కదపకుండా తాడు కట్టండి. గార్డు ఎక్కడ ఉంది, స్విచ్ ఏ స్థితిలో ఉంది, నేల మీద ఏముంది, అన్నీ ఫొటోలు తీయండి. మరణమైతే వెంటనే, 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని గాయమైతే నిర్ణీత పత్రంలో ఫ్యాక్టరీల శాఖకు తెలపాలి. చూసినవాళ్లతో విడివిడిగా, అదే రోజు మాట్లాడండి.

విచారణ కాగితంలో కారణం దగ్గర 'కార్మికుడి నిర్లక్ష్యం' అని రాస్తే విచారణ జరగనట్టే. చేయి బెల్టులో పడింది. ఎందుకు? కాలు జారింది. ఎందుకు? నేల మీద తౌడు. ఎందుకు? ఎలివేటర్ అడుగు మూత కారుతోంది. ఎందుకు? ప్యాకింగ్ అరిగి నెలైంది, కొనమని ఫిట్టర్ రాసిన చీటీ ఆఫీసులో ఉంది. మరి గార్డు? గ్రీజు పెట్టడానికి తీశారు, తిరిగి పెట్టలేదు. ఇప్పుడు చేయాల్సిన పనులు కనిపిస్తున్నాయి: ప్యాకింగ్, గ్రీజు గొట్టం, చీటీలు ఎన్ని రోజుల్లో తేలాలన్న గడువు. ప్రతి పని పక్కన ఒక మనిషి పేరు, తేదీ రాయండి. నెల తర్వాత అదే ఎలివేటర్ దగ్గర నిలబడి సరిచూసి సంతకం పెట్టండి.